తిరిగే తోక, వంగే తోక, కదలని తోక

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం కణాల తోకల గురించే. కొన్ని పరీక్షల కోసం అడిగినవి, కొన్ని ఆస్పత్రి రిపోర్టులు చేతబట్టుకుని అడిగినవి. వీలైనన్ని కలిపి జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: బాక్టీరియా తోకనీ కశాభం అంటున్నారు, శుక్రకణం తోకనీ కశాభమే అంటున్నారు. రెండూ ఒకటేనా? తేడాలు రాయమంటే ఏం రాయాలి? (ఇంటర్ విద్యార్థిని, తెనాలి)

జవాబు: పేరొక్కటే, పనిముట్లు వేరు. బాక్టీరియా తోక తిరుగుతుంది. శుక్రకణం తోక వంగుతుంది. ముందు ఈ రెండు వాక్యాలు రాసి, మిగతా తేడాలన్నీ వీటి కిందికే తీసుకురండి.

మన పేగుల్లో ఉండే ఇ. కోలైని చూద్దాం. కణం పొడవు సుమారు 2 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు, నానోమీటరు అందులో మళ్లీ వెయ్యో వంతు). ఒంటి మీద అక్కడక్కడా నాలుగైదు తోకలుంటాయి. ఒక్కొక్కటి కణం కంటే మూడు నాలుగు రెట్లు పొడవు, మందం మాత్రం 20 నానోమీటర్లే. ఈ పోగు ఫ్లాజెల్లిన్ అనే ప్రోటీన్ ముక్కలు వేలకొద్దీ మరచుట్టుగా పేరుకుని తయారైన బోలు గొట్టం. పోగులో కండరం లాంటిదేమీ లేదు, తనంతట తాను వంగలేదు. కదలికంతా మొదట్లోనే ఉంది. కణం పొరలో సుమారు 45 నానోమీటర్ల వెడల్పున వలయాలు పేర్చినట్టుండే మోటారు ఒకటి ఉంటుంది. మోటారుకీ పోగుకీ మధ్య 55 నానోమీటర్ల కొక్కెం. ఏ దిక్కుకి వంగి ఉన్నా తిప్పే బలాన్ని పోగుకి అందించే కీలు అది. మోటారు చుట్టూ కదలకుండా నిలబడ్డ ప్రోటీన్ల సందుల్లోంచి హైడ్రోజన్ అయాన్లు బయటినుంచి లోపలికి జారుతుంటాయి, ఆ జారుడుకే మోటారు తిరుగుతుంది. కణాలకు ఇంధనంలా పనిచేసే ఏటీపీ ఇక్కడ నేరుగా ఖర్చు కాదు. పరీక్షల్లో చాలామంది ఇక్కడే తప్పు రాస్తారు. ఈదుతున్న ఇ. కోలైలో తోక సెకనుకు 100 చుట్ల దాకా తిరుగుతుంది. విబ్రియో ఆల్జినోలిటికస్ అనే సముద్రపు బాక్టీరియా సోడియం అయాన్లతో నడుస్తుంది, దాని వేగం సెకనుకు 1700 చుట్ల దాకా ఉన్నట్టు కొలిచారు.

ఇది ఊగడం కాదు, తిరగడమే అని 1973లో హోవర్డ్ బర్గ్, రాబర్ట్ ఆండర్సన్ వాదించారు. మరుసటి ఏడాది మైఖేల్ సిల్వర్‌మన్, మెల్విన్ సైమన్ చేసిన ప్రయోగం ఎంతో తేటైనది. తోకను గాజుపలకకు అతికించేశారు. తోక తిరగడానికి వీల్లేకపోయింది కాబట్టి కణమే గిరగిరా తిరిగింది.

శుక్రకణం తోకను అడ్డంగా కోసి ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో చూస్తే బండిచక్రంలా ఉంటుంది. అంచున 9 జంట నాళికలు, నడుమ 2 విడి నాళికలు. 9+2 అని మీ పుస్తకంలో ఉన్నది ఇదే. తోక పొడవునా ప్రతి జంటకూ డైనీన్ అనే మోటారు ప్రోటీన్లు చేతుల్లా బారులు తీరి ఉంటాయి. ఇవి ఏటీపీ ఖర్చుపెట్టి పక్క జంటను పట్టి తోస్తాయి. ఇయాన్ గిబ్బన్స్ 1965లో ఈ ప్రోటీన్‌కి ఆ పేరు పెట్టారు. తోస్తే నాళికలు ఒకదాని మీద ఒకటి జారాలి కదా, మరి వంగడం ఎందుకు? రెండు పలచని వెదురు బద్దలను పక్కపక్కన పెట్టి ఒక కొసన గట్టిగా కట్టండి. రెండో కొసన ఒక బద్దను ముందుకి తోయండి. జారడానికి చోటు లేక రెండూ కలిసి ఒక పక్కకు వంగుతాయి. తోకలోనూ అంతే. తోక మొదలు దగ్గర నాళికలన్నీ ఒక పునాదిలో పాతుకుని ఉంటాయి, జంటల నడుమ వాటిని కలిపి ఉంచే నెక్సిన్ బంధాలు ఉంటాయి. 1971లో ప్రోటీన్లను కోసే ట్రిప్సిన్ అనే ఎంజైమ్‌తో ఈ బంధాలను కొరికించి ఏటీపీ కలిపితే, తోక వంగడం మానేసి నాళికలు జారుకుంటూ బయటికి సాగిపోయాయి. కాసేపు ఒక వైపు డైనీన్లు, కాసేపు ఎదుటి వైపు డైనీన్లు పనిచేస్తే అటూ ఇటూ వంపు, ఆ వంపు తోక చివరికి అలలా సాగుతుంది.

పారమీసియం అనే ఒంటికణ జీవి మీదా, మన శ్వాసనాళంలోనూ ఉండే శైలికల కట్టడం కూడా ఈ రెండో రకమే. పొట్టిగా, గుంపుగా ఉంటే శైలికలు అంటాం. పొడుగ్గా, ఒకటో రెండో ఉంటే కశాభం అంటాం.

ప్రశ్న: చేప తోక ఆడించినట్టే బాక్టీరియా కూడా తోక ఆడిస్తే సరిపోదా? మోటారు దేనికి? (డిగ్రీ విద్యార్థి, కరీంనగర్)

జవాబు: సరిపోదు. చేప ఒకసారి తోక కొడితే కాసేపు జారుతూ ముందుకెళుతుంది, ఎందుకంటే దాని బరువుకి ఊపు ఉంటుంది. బాక్టీరియాకి ఆ ఊపు లేదు. అంత చిన్న ఒంటికి నీళ్లు ముదురు బెల్లం పాకంలా తగులుతాయి. తోక ఆగిన మరుక్షణం బాక్టీరియా ఆగిపోతుంది. ఆగేలోపు అది జారే దూరం ఒక అణువు వెడల్పు కంటే తక్కువ. భౌతిక శాస్త్రవేత్త ఎడ్వర్డ్ పర్సెల్ 1977లో ఈ లెక్కలన్నీ వేసి చూపించారు.

దీని వల్ల ఒక చిత్రమైన ఇబ్బంది ఉంది. పాకంలో చేతులు చాపి, చాపిన దారినే వెనక్కి ముడిస్తే, ఎంత ముందుకెళ్లారో అంతే వెనక్కి వస్తారు. చాపడం నెమ్మదిగా, ముడవడం వేగంగా చేసినా ఫలితం మారదు. కాబట్టి పోయిన దారినే తిరిగి రాని కదలిక కావాలి. అలాంటివి రెండున్నాయి. ఒకటి మర తిరగడం, రెండోది ఒక కొసనుంచి ఇంకో కొసకి అల సాగడం. బాక్టీరియా మొదటిదాన్ని పట్టుకుంది, మన శుక్రకణం రెండోదాన్ని.

మోటారు తిరిగే దిక్కే బాక్టీరియాకి చుక్కాని. బయటినుంచి చూస్తే గడియారం ముల్లుకు ఎదురుగా తిరిగినప్పుడు తోకలన్నీ ఒక జడలా అల్లుకుని కణాన్ని సెకనుకు 20 నుంచి 30 మైక్రాన్ల వేగంతో తోస్తాయి. ఒకటో రెండో మోటార్లు ముల్లు తిరిగే వైపుకి మారితే జడ విడిపోతుంది, కణం సెకనులో పదో వంతు సేపు పల్టీలు కొట్టి ఏదో ఒక కొత్త దిక్కుకి తిరుగుతుంది. తిండి ఎటుందో దానికి కనపడదు. ఇప్పటి రుచిని మూడు నాలుగు సెకన్ల కిందటి రుచితో పోల్చుకుంటుంది. మెరుగ్గా ఉంటే పల్టీ వాయిదా వేస్తుంది, లేకపోతే కొడుతుంది. అంతే, ఈ ఒక్క సూత్రంతో అది చక్కెర వైపు చేరుకుంటుంది. లోపల ఈ కబురు మోసేది చీవై అనే చిన్న ప్రోటీన్. దానికి ఫాస్ఫేటు తగులుకున్నప్పుడు వెళ్లి మోటారుకి అంటుకుని దిక్కు మారుస్తుంది.

ప్రశ్న: మా హైస్కూల్లో ఒకే ఒక మైక్రోస్కోప్ ఉంది. తోకలూ శైలికలూ పిల్లలకి చూపించాలంటే ఏం చేయాలి? చెరువు నీళ్లు తెస్తే ఏమీ కనిపించలేదు. (జీవశాస్త్రం ఉపాధ్యాయుడు, మదనపల్లె)

జవాబు: ముందు ఒక ఆశ వదులుకోండి. బాక్టీరియా తోక మీ మైక్రోస్కోప్‌లో కనపడదు. దాని మందం 20 నానోమీటర్లు, వెలుగుతో చూసే ఏ మామూలు మైక్రోస్కోప్ అయినా 200 నానోమీటర్ల కంటే దగ్గరి వివరాన్ని విడదీయలేదు. ప్రయోగశాలల్లో టానిక్ ఆమ్లం పూతతో తోకను లావు చేసి, ఆ మీద రంగు వేసి చూస్తారు. బడికి అది పెట్టుకోవద్దు. పారమీసియం, యూగ్లీనా చాలు.

చెరువు నీళ్లలో జీవులు చెదురుమదురుగా ఉంటాయి, ఒక చుక్కలో దొరకడం అదృష్టం. అందుకే వాటిని పెంచాలి. గుప్పెడు ఎండు వరిగడ్డిని చిన్న ముక్కలు చేసి లీటరు నీళ్లలో 10 నిమిషాలు మరగనివ్వండి. పూర్తిగా చల్లారాక వెడల్పు మూతి సీసాలో పోసి, చెరువు అంచున పాచి దగ్గరి నీళ్లు అరగ్లాసు కలపండి. మూత బిగించకుండా గుడ్డ కప్పి, ఎండ నేరుగా పడని చోట పెట్టండి. రెండు మూడు రోజులకి నీళ్లు తెల్లగా మబ్బు పడతాయి, అది బాక్టీరియా. తర్వాత చిన్న చిన్న కశాభ జీవులు వస్తాయి. వారం పది రోజులకి పారమీసియాలు. తొందరపడి మూడో రోజున చూసి పారబోస్తే, రావలసినవి రాకముందే పోయినట్టే. గడ్డి మరీ ఎక్కువైతే బాక్టీరియా నీటిలోని ఆక్సిజన్ అంతా తినేసి సీసా కుళ్లిన వాసన వేస్తుంది, అప్పుడు ఏవీ బతకవు. క్లోరిన్ కలిపిన కుళాయి నీళ్లు మరగబెట్టకుండా పోసినా ఇదే నష్టం.

చుక్క నీళ్లు పైనున్న తెట్టు దగ్గర, సీసా గోడకు ఆనుకుని తీయండి. ముందు 10 రెట్ల కటకంతో చూడండి. పారమీసియం సెకనుకు మిల్లీమీటరు దాకా ఈదుతుంది. మీకు కనిపించే వలయం వెడల్పు సుమారు 1.8 మిల్లీమీటర్లు. అంటే రెండు సెకన్లలో అది వలయం దాటిపోతుంది, పిల్లలు ‘ఏదో పోయింది’ అంటారు తప్ప చూడలేరు. దీనికి విరుగుడు దూది. రెండు మూడు దూది పోగులు చుక్కలో వేసి, ఆపైన కవర్ స్లిప్ పెట్టండి. పోగుల మధ్య గదుల్లో అవి చిక్కుకుని నెమ్మదిస్తాయి. అప్పుడు 40 రెట్ల కటకం పెట్టి, కిందినుంచి వచ్చే వెలుగు తగ్గించండి. వెలుగు ఎక్కువైతే శైలికలు గాజులా పారదర్శకమైపోతాయి. చాలా బడుల్లో పాఠం తేలిపోయేది ఇక్కడే, కటకం దోషం కాదు. వెలుగు తగ్గించాక ఒంటి అంచున వరిచేను మీద గాలి వీచినట్టు వరసగా అలలు కదలడం కనిపిస్తుంది. పారమీసియం మీద కొన్ని వేల శైలికలు ఉంటాయి, అన్నీ ఒకేసారి కొట్టవు, పక్కదాని వెనక పక్కది కొడుతుంది. దూదికి గుద్దుకున్నప్పుడు వెనక్కి వెళ్లి దిక్కు మార్చుకోవడం గమనించమనండి. గుద్దుకోగానే కాల్షియం అయాన్లు లోపలికి వస్తాయి, దాంతో శైలికల కొట్టుడు తిరగబడుతుంది.

యూగ్లీనా కోసం పచ్చగా మారిన నీటి గుంట చూడండి. ఎర్రటి చుక్క ఉన్న కొసే దాని ముందు భాగం, తోక కూడా ఆ కొసనుంచే వస్తుంది. తోక వెనక ఉండి తోస్తుందనుకునే పిల్లలకి ఇది మంచి ఆశ్చర్యం. తోక పలచన, బతికున్నప్పుడు కనపడటం కష్టం. కవర్ స్లిప్ అంచున ఒక చుక్క అయోడిన్ ద్రావణం వేసి ఎదుటి అంచున బ్లాటింగ్ కాగితంతో లాగితే కణాలు చచ్చిపోయి తోకలు కాస్త తేటపడతాయి. కదలిక చూపించాకే అయోడిన్ వేయండి.

ప్రశ్న: మా అబ్బాయికి నాలుగు రోజులుగా జ్వరం. వైడల్ టెస్టులో ‘హెచ్’ 1:160, ‘ఓ’ 1:80 వచ్చింది. టైఫాయిడ్ అన్నారు. ఈ హెచ్, ఓ ఏమిటి? (గృహిణి, ఖమ్మం)

జవాబు: హెచ్ అంటే టైఫాయిడ్ బాక్టీరియా తోక. ఓ అంటే దాని ఒంటి పై పొర. తోకలోని ఫ్లాజెల్లిన్‌ని గుర్తుపట్టి మన ఒంట్లో తయారైన యాంటీబాడీలు ఎన్నిరెట్లు పలచన చేసినా పనిచేస్తున్నాయో చెప్పే అంకె 160. హెచ్ అనే అక్షరం ‘ఆవిరి ఊపిరి’ అనే అర్థమున్న జర్మన్ మాట నుంచి వచ్చింది. తోకలున్న ప్రోటియస్ బాక్టీరియా పళ్లెం మీద పాకితే, అద్దం మీద ఊపిరి ఊదినట్టు పలచని పొర పరుచుకునేది. తోకల్లేనివి పాకేవి కావు, వాటికి ‘ఊపిరి లేనిది’ అన్న అర్థంలో ఓ అని పేరు పెట్టారు.

ఇక మీ రిపోర్టు. నాలుగో రోజున చేసిన ఒక్క వైడల్ మీద టైఫాయిడ్ అని తేల్చడం సరికాదు. కొత్తగా వచ్చిన జబ్బుకి ఈ యాంటీబాడీలు లెక్కకు అందేంత తయారవడానికి వారం దాకా పడుతుంది. పైగా తోక మీది యాంటీబాడీలు చాలా నెలలు, ఒక్కోసారి ఏళ్లు ఉండిపోతాయి. ఎప్పుడో వచ్చిపోయిన టైఫాయిడ్, టైఫాయిడ్ బాక్టీరియా చుట్టాలైన ఇతర సాల్మొనెల్లాలు, మలేరియా, కాలేయ జబ్బులు కూడా అంకెను పెంచగలవు. టైఫాయిడ్ ఎక్కువగా తిరిగే మన ప్రాంతాల్లో ఆరోగ్యంగా ఉన్నవారిలోనూ ఇలాంటి అంకెలు కనిపిస్తాయి. వారం పది రోజుల తేడాతో రెండుసార్లు చేసి, రెండోది నాలుగు రెట్లు పెరిగితేనే దానికి బలం.

మీరు డాక్టర్ని అడగాల్సింది బ్లడ్ కల్చర్ గురించి, అంటే రక్తంలోని బాక్టీరియాను పెంచి చూసే పరీక్ష. అది యాంటీబయాటిక్ మొదలుపెట్టక ముందే తీయాలి, ఒక డోసు పడ్డాక దొరికే అవకాశం తగ్గిపోతుంది. పెద్దవాళ్లకైతే 10 మిల్లీలీటర్ల దాకా రక్తం కావాలి, పిల్లలకి వయసును బట్టి తక్కువ. చాలీచాలని రక్తం తీస్తే బాక్టీరియా ఉన్నా పెరగదు. కల్చర్‌లో ఏ మందుకి లొంగుతుందో కూడా తెలుస్తుంది, వైడల్ ఆ సంగతి ఎన్నటికీ చెప్పదు. టీకా వేయించాం, అందుకే హెచ్ పెరిగిందా అని కూడా మీరు అడిగారు. పాతకాలపు టీకాలో మొత్తం బాక్టీరియా ఉండేది, దానికి హెచ్ పెరిగేది. ఇప్పుడు పిల్లలకి వేసే కాంజుగేట్ టీకాల్లో, హైదరాబాద్‌లో తయారయ్యే టైప్‌బార్ టీసీవీతో సహా, ఉండేది వీఐ అనే పై తొడుగు చక్కెర. తోక ముక్క అందులో లేదు. కాబట్టి ఈ హెచ్ ఆ టీకా వల్ల వచ్చింది కాదు.

ప్రశ్న: రొనాల్డ్ రాస్ సికింద్రాబాద్‌లో మలేరియా పరాన్నజీవి తోకని కనిపెట్టాడని ఒక చోట చదివాను. నిజమేనా? (పోటీ పరీక్షల అభ్యర్థి, సికింద్రాబాద్)

జవాబు: కాదు. తోకని చూసింది ఫ్రెంచి సైనిక వైద్యుడు లావెరాన్, అదీ 1880 నవంబర్ 6న, అల్జీరియాలోని కాన్‌స్టాంటిన్‌లో. జ్వరం వచ్చిన సైనికుడి రక్తం చుక్కలో ఒక గుండ్రటి కణం ఉన్నట్టుండి సన్నటి తోకలు బయటికి విసిరి కొట్టుకోవడం చూశాడు. రక్తంలోని నల్ల చుక్కలు చెత్త కాదు, ప్రాణమున్న జీవి అని ఆయనకి నమ్మకం కలిగింది ఈ తోకల వల్లే.

అవి ఏమిటన్నదే తర్వాతి గొడవ. రాస్‌కి గురువులాంటి ప్యాట్రిక్ మాన్సన్ అవి దోమలో వ్యాపించే బీజాలనుకున్నాడు. 1897లో విలియం మెకాలం కాకుల రక్తంలోని దగ్గరి చుట్టం లాంటి పరాన్నజీవిలో చూసి, ఆ తోక ఒక్కొక్కటీ మగ బీజకణమని, అది ఆడ కణంలోకి చొరబడుతోందని తేల్చాడు. అదే ఏడాది ఆగస్టు 20న రాస్ సికింద్రాబాద్‌లో, నాలుగు రోజుల కిందట రోగి రక్తం తాగిన అనాఫిలిస్ దోమ కడుపు గోడ మీద నల్ల రంగు చుక్కలున్న కణాలు చూశాడు. అవి ఫలదీకరణ తర్వాతి దశ. వాటికి తోక లేదు.

ఈ మగకణం పుట్టే తీరు జీవశాస్త్రంలో అబ్బురపడాల్సిన వాటిలో ఒకటి. మన ఒంట్లో ఉన్నంతసేపూ అది నిద్రలో ఉంటుంది. దోమ పొట్టలోకి వెళ్లగానే వేడి తగ్గుతుంది, దోమలోని జాంథురెనిక్ ఆమ్లం తగులుతుంది. అంతే, 10 నుంచి 15 నిమిషాల్లో డీఎన్ఏ మూడుసార్లు రెట్టింపై 8 వంతులవుతుంది, ఆలోపే 8 తోకలు కట్టుకుని 8 మగకణాలు బయటికి దూకుతాయి. లావెరాన్ చూసింది కూడా అందుకే, గాజుపలక మీద చల్లారిన రక్తం చుక్క ఆ పరాన్నజీవికి దోమ పొట్టలా తోచింది.

ప్రశ్న: పెళ్లై మూడేళ్లు. మావారి వీర్యపరీక్షలో ‘ప్రోగ్రెసివ్ మోటిలిటీ 18%’ అని వచ్చింది. సంఖ్య మాత్రం బాగానే ఉందన్నారు. దీని అర్థం ఏమిటి? (పేరు రాయవద్దన్నారు, రాజమహేంద్రవరం)

జవాబు: 100 శుక్రకణాల్లో 18 మాత్రమే ముందుకు ఈదుతున్నాయని అర్థం. ఉన్నచోటే తోక ఆడించేవి ‘నాన్ ప్రోగ్రెసివ్’ కిందికి వస్తాయి, కదలనివి ‘ఇమ్మోటైల్’ కిందికి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 పుస్తకం ప్రకారం ముందుకు ఈదేవాటి కింది హద్దు 30 శాతం, మొత్తం కదిలేవాటిది 42 శాతం. 2010 పుస్తకంలో ఇవి 32, 40. మీ ల్యాబ్ ఏది వాడిందో చూడండి. ఈ హద్దులు ఏడాదిలోపు భార్య గర్భం దాల్చిన మగవారిని పరీక్షించి, వారిలో అట్టడుగు 5 శాతం దగ్గర గీసినవి. గీతకి కింద ఉంటే పిల్లలు పుట్టరని కాదు, పైన ఉంటే తప్పక పుడతారనీ కాదు.

ముందు శాంపిల్ సరిగా ఇచ్చారో లేదో గుర్తు తెచ్చుకోండి. తోకలు చాలా సున్నితం. 2 నుంచి 7 రోజుల విరామం తర్వాత ఇవ్వాలి. మరీ ఎక్కువ రోజులైతే చచ్చిన కణాలు పేరుకుంటాయి. ఇంటి దగ్గర తీసి తెచ్చారా? గంటలోపు ల్యాబుకు చేరాలి, దారిలో సీసాని ఒంటికి ఆనించి వెచ్చగా ఉంచాలి. 20 డిగ్రీల కంటే చల్లబడితే తోకలు మందగిస్తాయి. మామూలు కండోమ్‌లో పట్టడం, సబ్బు, నూనె, ఉమ్మి తగలడం వల్ల కూడా తోకలు ఆగిపోతాయి. రెండు మూడు నెలల కిందట గట్టి జ్వరం వచ్చి ఉంటే అదీ చెప్పాలి, ఎందుకంటే ఒక శుక్రకణం తయారవడానికే సుమారు 74 రోజులు, ఆపై వృషణాన్ని ఆనుకుని ఉండే ఎపిడిడిమిస్ అనే నాళంలో తోక ఈత నేర్చుకోవడానికి రెండు వారాల దాకా పడుతుంది. అందుకే ఒక రిపోర్టు మీద నిర్ణయానికి రావద్దు, ఇంకోసారైనా చేయించాలి. మందో మార్పో మొదలుపెడితే దాని ఫలితం మూడు నెలల తర్వాతే కనిపిస్తుంది.

రెండోసారీ తక్కువే వస్తే చూడాల్సిన అంకె ‘వైటాలిటీ’. కదలనివి చచ్చాయా, బతికుండే కదలలేకపోతున్నాయా? ఇయోసిన్ రంగు వేస్తే చచ్చినవి గులాబీ రంగు పట్టుకుంటాయి, బతికున్నవి పట్టుకోవు. మరో పరీక్షలో పలచని ద్రావణంలో వేస్తారు. బతికున్న కణం నీళ్లు పీల్చుకుని తోక ఉబ్బి చుట్ట చుట్టుకుంటుంది. ఎక్కువ చచ్చి ఉంటే ఇన్ఫెక్షన్, వేడి, వెరికోసీల్ (వృషణాల దగ్గరి సిరలు ఉబ్బడం), ఆలస్యమైన శాంపిల్ లాంటివి వెతకాలి. ఎక్కువ బతికుండీ కదలకపోతే లోపం తోక కట్టడంలోనే ఉండవచ్చు, డైనీన్ జన్యువుల్లో మార్పుల వంటివి. అప్పుడు విటమిన్ మాత్రలతో నెలలు గడపడం వృథా. బతికున్న కణాన్ని ఎంచి నేరుగా అండంలోకి సూదితో పంపే ఇక్సీ పద్ధతిలో తోకతో పని ఉండదు కాబట్టి దారి ఉంది.

తోక బలహీనమైతే సహజంగా గర్భం ఎందుకు కష్టమంటే, దూరం ఒక్కటే కారణం కాదు. గర్భాశయ కండరాలు కూడా కొంత దూరం మోస్తాయి. అండం దగ్గరికి వచ్చాక తోక ఇంకో రకంగా కొట్టాలి. కాట్‌స్పర్ అనే ద్వారం గుండా కాల్షియం లోపలికి వచ్చి తోక కొరడాలా వంకరగా, గట్టిగా విసరడం మొదలుపెడుతుంది. ఫలోపియన్ నాళం గోడనుంచి విడిపోవడానికీ, అండం చుట్టూ ఉన్న పొరలోకి తొలుచుకుపోవడానికీ ఆ విసురే కావాలి. ఇద్దరూ కలిసే పరీక్షలు చేయించుకోండి. భార్య పరీక్షలన్నీ అయ్యాక చివర్లో భర్తను పంపే అలవాటు ఎంతోమందికి ఏళ్లు తినేస్తోంది.

ప్రశ్న: మా మనవరాలికి ఆరేళ్లు. పుట్టినప్పటి నుంచీ ముక్కు కారుతూనే ఉంది, తడి దగ్గు ఏడాది పొడుగునా. ఇప్పుడు ఎక్స్‌రేలో గుండె కుడి పక్కన ఉందన్నారు. మాది మేనరికం. రెండింటికీ సంబంధం ఉందా? (విశ్రాంత ఉద్యోగి, కర్నూలు)

జవాబు: ఉండే అవకాశం గట్టిగా ఉంది. ఆలస్యం చేయకుండా పిల్లల ఊపిరితిత్తుల నిపుణులకు చూపించి, ‘ప్రైమరీ సీలియరీ డిస్కైనీసియా ఏమో చూడండి’ అని ఆ పేరుతోనే అడగండి. శైలికలు పుట్టుకతోనే సరిగా కొట్టని జబ్బు అది.

శ్వాసనాళం లోపలి పొరలో ఒక్కో కణం మీద సుమారు 200 శైలికలు ఉంటాయి. సెకనుకు 10 నుంచి 15 సార్లు కొడుతూ, దుమ్మూ క్రిములూ అంటుకున్న కఫాన్ని గొంతు వైపుకి నెడుతుంటాయి. డైనీన్ చేతులు లేకపోతే అవి నిలబడే ఉంటాయి గానీ కొట్టవు. కఫం కదలదు, అందులో క్రిములు పెరుగుతాయి, నాళాలు ఏళ్లమీద సాగిపోయి పాడవుతాయి. మధ్య చెవిలో నీరు చేరడం కూడా దీనితో మామూలే.

గుండె సంగతి ఇంకా వింత. పిండంలో మొదటి వారాల్లో ఒక చిన్న గుంటలో శైలికలు గిరగిరా తిరుగుతూ ద్రవాన్ని ఎడమకి నెడతాయి. ఎడమ ఏదో కుడి ఏదో ఒంటికి తెలిసేది ఆ ప్రవాహం వల్లే. 1998లో జపాన్ శాస్త్రవేత్తలు ఎలుకల్లో ఇది నిరూపించారు. శైలికలు ఆగిపోతే పక్క ఏదన్నది నాణెం ఎగరేసినట్టే. ఈ జబ్బున్నవారిలో దాదాపు సగం మందికి గుండె, కాలేయం అటుదిటు అయ్యేది అందుకే. మిగతా సగం మందికి గుండె సరైన చోటే ఉంటుంది కాబట్టి జబ్బు చాలా ఆలస్యంగా బయటపడుతుంది.

ముక్కులోని నైట్రిక్ ఆక్సైడ్ కొలవడం మొదటి పరీక్ష, అయిదేళ్లు దాటిన పిల్లలకి కుదురుతుంది, జబ్బులో అది బాగా తక్కువ. తర్వాత ముక్కునుంచి తీసిన కణాల కదలికను వేగంగా వీడియో తీస్తారు, ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో చూస్తారు, జన్యు పరీక్ష చేస్తారు. కారణమయ్యే జన్యువులు 50కి పైనే. ఒక్క పరీక్షతో లేదని కొట్టేయడానికి లేదు. జలుబులో తీసిన కణాలు మామూలు మనిషివైనా నెమ్మదిగా కొడతాయి కాబట్టి పాప కాస్త కుదుటపడ్డాకే ఆ శాంపిల్ ఇవ్వండి.

శైలికలను మళ్లీ కదిలించే మందు లేదు. కానీ అవి చేయలేని పని మనం చేయొచ్చు. రోజూ ఫిజియోథెరపీ నేర్పిన పద్ధతిలో కఫం బయటికి తీయాలి, పరుగెత్తి ఆడుకోనివ్వాలి, ఇన్ఫెక్షన్ వస్తే త్వరగా యాంటీబయాటిక్, ముక్కును ఉప్పునీటితో కడగడం, టీకాలన్నీ వేయించడం. దగ్గును అణిచే సిరప్‌లు ఇవ్వకండి. ఈ పాపకు కఫం బయటికి పంపే మార్గం ఇక దగ్గొక్కటే. ఇంట్లో ఎవరూ పొగ తాగకూడదు. చాలావరకు తల్లిదండ్రులిద్దరిలోనూ ఒక్కో లోపమున్న జన్యువు ఉంటేనే ఈ జబ్బు వస్తుంది, అలాంటప్పుడు ప్రతి కాన్పులోనూ 25 శాతం అవకాశం ఉంటుంది. తర్వాతి బిడ్డ ఆలోచన ఉంటే ముందే జన్యు సలహా తీసుకోమనండి. జబ్బుకి కోడలో కొడుకో ఒక్కరే కారణమనే మాట ఇంట్లో రానివ్వకండి, అది వాస్తవం కాదు.

ప్రశ్న: కిడ్నీలో నీటి తిత్తులకి కూడా శైలికలే కారణమని డాక్టర్ అన్నారు. కిడ్నీలో ఈదే కణాలుంటాయా? (నెల్లూరు)

జవాబు: ఉండవు. మూత్రనాళికల్లో ఒక్కో కణానికి ఒకే ఒక శైలిక ఉంటుంది. నడుమ జంట లేని 9+0 రకం, డైనీన్ చేతులూ లేవు, కొట్టదు. అది తెలుసుకునే తోక, తోసే తోక కాదు. పీకేడీ1, పీకేడీ2 అనే జన్యువులు తయారుచేసే ప్రోటీన్లు ఆ శైలిక మీద కూర్చుని ఉంటాయి. అవి పాడైతే కణాలకు అందాల్సిన కబురు అందక అవి పెరుగుతూ పోయి తిత్తులవుతాయి. మీ కంటి వెనక వెలుగును పట్టే కణాల చివరి భాగం, ముక్కులో వాసన పట్టే పోగులు కూడా శైలికల నుంచి మారినవే.

ప్రశ్న: మొక్కలకి ఈదే కణాలుంటాయా? పుప్పొడి గాలిలో ఎగురుతుంది కదా. (తొమ్మిదో తరగతి విద్యార్థి, తిరుపతి)

జవాబు: మామిడి, వరి, మల్లె లాంటి పూల మొక్కలకి లేవు. పుప్పొడి గొట్టమే మగకణాన్ని అండం దాకా మోసుకెళుతుంది కాబట్టి తోక అవసరం పోయింది. నాచు మొక్కల మగకణానికి మాత్రం రెండు తోకలు, ఫెర్న్‌లకి ఇంకా ఎక్కువ. అవి కలవడానికి తడి ఉండాల్సిందే. వానాకాలంలో గోడ మీద నాచు అలముకోవడానికి ఇదీ ఒక కారణం.

నీ ఊరి దగ్గరే ఇంకో మంచి ఉదాహరణ ఉంది. శేషాచలం కొండల్లో సహజంగా పెరిగే సైకాస్ బెడోమై అనే మొక్క ఇంకెక్కడా లేదు. చూడటానికి చిన్న ఈతచెట్టులా ఉంటుంది. సైకాస్‌ల పుప్పొడి గాలిలోనో పురుగుల మీదో వస్తుంది, గొట్టం కూడా పెరుగుతుంది, కానీ చివర్లో గొట్టం పగిలి మగకణం బయటికి వచ్చి, విత్తనం కాబోయే భాగం లోపలి ఒక చుక్క ద్రవంలో ఈదుకుంటూ అండాన్ని చేరుతుంది. దాని ఒంటి చుట్టూ మరచుట్టు పట్టీ మీద వేల తోకలు ఉంటాయి. జపాన్‌కి చెందిన ఇకెనో 1896లో సైకాస్‌లో దీన్ని చూశాడు, అదే ఏడాది హిరాసే గింకో చెట్టులో చూశాడు. సైకాస్‌లకు చుట్టమైన జామియా అనే మొక్కలో ఈ మగకణం మామూలు కంటికి చిన్న చుక్కలా కనిపించేంత పెద్దది. కొండ మీది సైకాస్‌ని మాత్రం పీకకండి, కోయకండి. అది అంతరించే ప్రమాదంలో ఉంది, దాని అంతర్జాతీయ వ్యాపారం మీద నిషేధం ఉంది.